పెళ్లి క్యాసెట్లో గొల్లకావడి

వెనక్కి నడవడంలో మా నకిరేకల్‌లో ఆయన్ని మించినవాళ్లు లేరు. బరాత్ ముందు వీడియో కెమెరా భుజాన వేసుకుని, పెళ్లికొడుకు ముఖం మీదినుంచి కన్ను తీయకుండా, బస్టాండు నుంచి మా వీధి దాకా వెనక్కే నడిచేవాడు. గుంతలు, బర్రెలు, బ్యాండువాళ్ల లైట్ల వైర్లు, వేటికీ తగిలేవాడు కాదు. పెళ్లిళ్లు లేని రోజుల్లో మామూలుగా ముందుకు నడిచేటప్పుడే తట్టుకుని పడేవాడు. "ముందటికి నడుసుడు అందరికి వస్తది బిడ్డా, దాంట్ల మజా ఏమున్నది" అనేవాడు, మోకాలికి మా అమ్మ చేత పసుపు పెట్టించుకుంటూ.

ఊరంతా ఆయన్ని వీడియో చిచ్చా అనేది. పోయి ఇరవై రోజులైందని అమ్మ ఉత్తరం రాసింది. నిన్న ఆయన భార్య, నేను చాచీ అని పిలిచే ఆమె, మా పక్కింటి ఫోనుకు చేసి నన్ను పిలిపించింది. ఏడుస్తుందేమోనని భయపడుతూ వెళ్లాను. ఏడవలేదు. ఇంట్లో ఏదో సామాను కనపడక వెతుకుతున్న మనిషిలా మాట్లాడింది. చిచ్చా ఇన్నేళ్లలో ఎన్నో పెళ్లిళ్లు తీశాడు, ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. కెమెరా వెనకాల ఉండేవాడు దాని ముందుకెప్పుడు వస్తాడు? పోనీ గొంతైనా ఉంటుందేమోనని తెలిసినవాళ్ల ఇళ్లన్నీ తిరిగిందట. లేదు. హైదరాబాద్‌లో మిక్సింగ్ చేసేటప్పుడు మాటలన్నీ తీసేసి సన్నాయి, సినిమా పాటలు పెట్టేవాళ్లు.

"ఫొటో ఉన్నది బేటీ. ఫొటో మాట్లాడదు గదా. నీ గా చుక్కల క్యాసెట్ల ఏమన్న అన్నడా?"

అన్నాడు. పదకొండు నిమిషాలు అన్నాడు. కానీ ఆ మాట ఫోనులో గట్టిగా చెప్పలేకపోయాను, చూస్తానన్నాను. నాలుగు నెలల కిందట మా రెండున్నరేళ్ల పాప, వీసీఆర్‌కు ఆకలేస్తోందని దాని నోట్లో బిస్కెట్టు పెట్టింది. అప్పుడు లోపలున్నది ఆ క్యాసెట్టే. టేపు నలిగి, ముడతలు పడి బయటికొచ్చింది. ఈరోజు పొద్దున మెకానిక్ దాన్ని విప్పి, తుడిచి, సాపు చేసి, మళ్లీ బిగించి ఇచ్చాడు. "ఒక్కసారి నడుస్తది అక్కా. రెండోసారికి నాది జిమ్మేదారి కాదు" అన్నాడు.

అందుకని ఈ రాత్రి మహబూబ్‌నగర్‌లో మా ముందుగదిలో రెండు వీసీఆర్‌లున్నాయి. ఒకటి మాది, ఒకటి కిరాయిది. ఒకదాంట్లో నా పెళ్లి నడుస్తోంది, రెండోదాంట్లోకి దాని నకలు ఎక్కుతోంది. మూడు గంటల క్యాసెట్. ఆపడానికి లేదు, వెనక్కి తిప్పడానికి లేదు. మధ్యలో కరెంటు పోతే అంతే. చిచ్చా మాటలొచ్చేది చివర్లో. ఇప్పుడింకా మంగళస్నానం అవుతోంది, నేను కళ్లలో సున్నిపిండి పడి ముఖం చిట్లిస్తున్నాను. నాకు ఎట్లాగూ నిద్ర తక్కువ. పాప దగ్గితే లేస్తాను, దగ్గకపోతే ఎందుకు దగ్గడం లేదని లేస్తాను. ఈ రాత్రి కూర్చోవడానికి ఒక కారణం దొరికింది కాబట్టి నోట్‌బుక్కు తెచ్చుకున్నాను.

చిచ్చా దుకాణం మా ఇంటికి రోడ్డు వైపున్న గదిలో ఉండేది. దాని వెనక రెండు గదుల్లో ఆయనా చాచీ ఉండేవాళ్లు. పిల్లల్లేరు. మాట్లాడేటప్పుడు ఎడమకన్ను మూసుకునేవాడు, ఎదుటి మనిషి కెమెరాలో ఉన్నట్టు. కూరగాయలమ్మే ఆమె తూకం వేస్తుంటే "కదలకు" అనేవాడు. మేకను కూడా కదలొద్దనేవాడు. ఏదైనా బాగా నచ్చితే మెచ్చుకునేవాడు కాదు, కుడిచేతి బొటనవేలితో గాల్లో ఒక బటన్ నొక్కేవాడు. అమ్మ చేసిన పచ్చిపులుసుకు నొక్కాడు. నేను ఇంటర్ పాసైనప్పుడు నొక్కాడు. చాచీ కోపంతో గిన్నెలు ఎత్తేస్తుంటే గుమ్మంలో నిలబడి ఆపకుండా నొక్కుతూనే ఉండేవాడు, ఆమె నవ్వేదాకా.

కరెంటు పోయినప్పుడు వీధంతా అయ్యో అని మూలిగేది. దుకాణంలోంచి ఒక్క గొంతు దేవుడికి "షుకర్" చెప్పేది. మరుక్షణం మా డాబా మెట్ల మీద చెప్పుల చప్పుడు. పొలంలో మోటారు నడవక బాపు తల పట్టుకు కూర్చుంటే, పైన చిచ్చా చుక్కలు చూస్తుండేవాడు. "నీ దువాలతోటే మా మోటర్లు బందైతున్నయి" అని బాపు కిందినుంచి తిట్టేవాడు. చిచ్చా పైనుంచి, ఇంకో పావుగంట ఓపిక పట్టు అన్నా, అని బతిమాలేవాడు. కరెంటు బాపు చేతిలో ఉన్నట్టు.

బాపు వేయించిన బోరులో నీళ్లు పడలేదు. మిగిలిపోయిన కేసింగ్ పైపు ముక్కను చిచ్చా అడిగి తీసుకున్నాడు. "కింద లేకపాయె అన్నా, పైన ఏమన్న పడ్తదేమో సూద్దాం" అన్నాడు. హైదరాబాద్ పాతసామాన్ల బజారులో దొరికిన పెద్ద అద్దాన్ని ఒక కొసకు, విరిగిన బైనాక్యులర్ కన్నును రెండో కొసకు బిగించాడు. అదే ఆయన దుర్బిణి. మొదట్లో చూసి ఊరుకునేవాడు. దాన్ని వీడియో తీయాలన్న పిచ్చి ఎక్కించింది నేనే.

అప్పుడు నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను, రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. కాలేజీ లైబ్రరీలో ఒక పుస్తకం దొరికితే తెచ్చి చూపించాను. చలికాలంలో నడినెత్తిన వరసగా మూడు చుక్కలుంటాయి కదా, మా వైపు వాటిని గొల్లకావడి అంటారు. దాని కింద చిన్నగా ఇంకో మూడు వేలాడుతుంటాయి. వాటిలో నడిమిది చుక్క కాదు, పెద్ద మబ్బు, అందులో కొత్త చుక్కలు పుడుతున్నాయని రాసి ఉంది. చిచ్చా ఎడమకన్ను మూసుకుని ఆ రంగుల బొమ్మను చాలాసేపు చూశాడు.

"చుక్కలు పుడ్తయా?"

పుడతాయన్నాను.

"అంటే గక్కడ కాన్పు అయితాంది. వీడియో తీసెటోడు లేడు."

అంతే. ఆ రోజు నుంచి రెండు చలికాలాలు మా డాబా మా చేతుల్లో లేదు.

కెమెరా ముఖాన్ని దుర్బిణి కన్నుకు సరిగ్గా ఎదురుగా పెట్టాలి, వెంట్రుకవాసి వంగినా చీకటే. సైకిల్ ట్యూబు ముక్కలతో రెండింటినీ కట్టేశాడు. కెమెరా బరువుకు పైపు పెద్దల ముందు కొత్తకోడలిలా తల వంచేసింది. రెండో వైపు చాచీ బొగ్గుల ఇస్త్రీ పెట్టె వేలాడదీస్తే లేచింది. ఆ రెండేళ్లూ చిచ్చా పెళ్లిళ్లకు నలిగిన చొక్కాల్లోనే పోయాడు. చాచీకి మోకాళ్ల నొప్పులు, డాబా ఎక్కలేదు. వాకిట్లో నిలబడి ఇస్త్రీ పెట్టె ఇమ్మని అరిచేది. అది ఇప్పుడు ఆకాశాన్ని మోస్తున్నదని ఈయన చెప్పేవాడు. సందుల్లోంచి వెలుతురు దూరకుండా ఆమె పాత బురఖాను పైన కప్పాడు. కెమెరా వైరును బ్యాటరీతో నడిచే చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాడు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాం. తెర మీద ఏమీ లేదు. ఉండుండి ఒక తెల్లటి మరక ఉబ్బేది, తగ్గేది, మళ్లీ ఉబ్బేది.

"మిషను చీకట్ల భయపడ్తాంది" అన్నాడు చిచ్చా.

భయం కాదు, ఏది చూడాలో తెలియక దానంతటదే ఫోకస్ వెతుక్కుంటోంది. ఇంగ్లీషు పుస్తకం నేను చదివి, వెతుకులాట మాన్పించే మీట ఎక్కడుందో చెప్పాను. ఇక చేత్తోనే తిప్పాలి, పడుకున్న ఎనిమిదిలాంటి గుర్తు దాకా. అదేమిటన్నాడు. అనంతం అన్నాను, ఎంత దూరమైనా అని. ఆ గుర్తును అగ్గిపుల్ల వెలుగులో చూసి, గాల్లో బటన్ నొక్కాడు. కానీ మా పైపుకు అనంతం సరిగ్గా సరిపోలేదు, కొంచెం ఇవతలే ఉంది. ముందు బాగా మెరిసే చుక్క ఒకదాన్ని పట్టుకుని, అది ఆవగింజంత అయ్యేదాకా తిప్పి, అక్కడ నా గోళ్లరంగుతో గీత పెట్టాం. మా అనంతం గులాబి రంగులో ఉండేది.

అప్పుడు మొదలైంది అసలు గోల. దొరికిన చుక్క నిమిషం కూడా ఆగదు. తెరకు ఒక పక్కన దిగి, రెండో పక్కన జారిపోతుంది. గ్రూపు ఫొటోలోంచి లేచిపోయే పెళ్లివారిని తిట్టినట్టు తిట్టేవాడు. అవి కదలడం లేదని, భూమి తిరుగుతోందని, కదిలేది మనమేనని చెప్పాను. నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, పిట్టగోడకు ఆనుకుని నవ్వాడు.

"అంటే గిన్నొద్దులు బరాత్ కదులుతలేదా. నేనే ఎనుకకు నడుస్తున్ననా."

ఆ తర్వాత ఆయనకు ఇక చెప్పాల్సింది లేకపోయింది. పైపును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పెళ్లికొడుకు ముందు నడిచినట్టే నడిపేవాడు. గుర్రం ఎంత మెల్లగా వస్తే అంత మెల్లగా. నేను ప్రయత్నిస్తే చుక్క ఎగిరిపడేది. ఆయన చేతుల్లో నిలబడేది. పుస్తకాల్లో దానికి మోటార్లు, పళ్లచక్రాలు కావాలని రాసి ఉంది. మా దగ్గర ఒక పెళ్లి వీడియోలాయన ఉన్నాడు.

అయినా ఆ మబ్బు మాత్రం పడలేదు. చుట్టూ చుక్కలు పడేవి, అది పడేది కాదు. మసకవెలుతురు పెంచే మీట నొక్కితే తెరంతా ఇసుక పోసినట్టయ్యేది. ఒకనాడు చంద్రుడు, ఒకనాడు మంచు, హైవే మీద లారీల దుమ్ము. అన్నీ కుదిరిననాడు వీధిలైటు వెలిగేది. "కంటితోటి సూసింది కంటితోనే పోతది బిడ్డా. క్యాసెట్ల పడితే ఊరంతటికి సూపియ్యొచ్చు" అనేవాడు, పొద్దున ఖాళీ టేపును వెనక్కి తిప్పుకుంటూ.

రెండో చలికాలంలో నా పెళ్లి వచ్చింది.

ఇప్పుడు టీవీలో అరుంధతిని చూపిస్తున్నారు. మాఘమాసం, మిట్టమధ్యాహ్నం. పంతులు గారు వేలెత్తి చూపించారు, మేమిద్దరం కనపడిందని తలూపాం. చిచ్చా కూడా భక్తిగా కెమెరాను పైకెత్తి తెల్లటి ఆకాశాన్ని తీశాడు. తీస్తూనే నా చెవి దగ్గర, "ఆమె రాత్రి తొమ్మిది దాటినంక గని లేవది బిడ్డా" అన్నాడు. మేళం మోతలో ఆ మాట టేపులో వినపడదు. బాసికం కింద తల దించుకున్న నా భుజాలు ఊగడం మాత్రం కనపడుతుంది. అప్పుడే ఏడుస్తోంది పాపం అని, మేళం ఆగగానే మా మేనత్త అనడం వినపడుతుంది.

సాయంత్రం అప్పగింతలు. మా కారు కదిలి వెళ్లాక ఏం జరిగిందో తర్వాత అమ్మ చెప్పింది. చిచ్చా మా అరుగు మీద కూర్చుని, అప్పగింతలు బాగా పడ్డాయో లేదోనని టేపును కొంచెం వెనక్కి తిప్పి కెమెరాలోనే చూసుకుంటున్నాడు. ముందురోజు చినుకులు పడి ఆకాశం తేటపడింది. చంద్రుడు లేడు. గొల్లకావడి సరిగ్గా నెత్తి మీద ఉంది. కరెంటు పోయింది. పెళ్లి పందిరంతా అయ్యో అంది. చిచ్చా షుకర్ అన్నాడు, కెమెరాతో సహా డాబా మీదికి ఉరికాడు. కొత్త క్యాసెట్ సంచిలోనే ఉండిపోయింది.

పదో రోజున ఆయన మా అత్తగారింటికి వచ్చాడు. రుమాల్లో చుట్టిన క్యాసెట్. ముందే తన వల్ల తప్పు జరిగిందని మా అత్తమ్మతో చెప్పాడు, కానీ ఆమె పెళ్లి చూసే సంబరంలో సరిగ్గా వినలేదు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. బాపు నా చేతులు పాలల్లో ముంచాడు. వాటిని ఎత్తి అత్తమ్మ చేతుల్లో పెట్టబోతున్నాడు. తనను తాను చూసుకోవడానికి అత్తమ్మ ముందుకు జరిగింది. తెర నల్లబడింది. చుక్కలు. మధ్యలో నాలుగు చుక్కల చుట్టూ ఒక తెల్లటి పొగ. అత్తమ్మ ప్రకటనలు అయిపోవాలన్నట్టు ఓపికగా కూర్చుంది. పదకొండు నిమిషాల తర్వాత దుమ్ము లేపుకుంటూ కారు వెళ్లిపోయింది.

"నా చేతుల పెట్టిన ముచ్చటే లేకపాయె" అంది అత్తమ్మ. "పిల్లను మాకిచ్చినట్టా, ఇయ్యనట్టా?"

ఎవరూ నవ్వలేదు. చిచ్చా లేచి నిలబడ్డాడు. మొదటిసారి ఆయన రెండు కళ్లూ తెరిచి నాతో మాట్లాడాడు.

"తప్పు నాది. గీ పదకొండు నిమిషాలు కోసేసి పాట అతికిస్త, ఎవ్వలకు తెల్వది. రెండు చలికాలాల్ల నాకు దొరికింది గింతే. గని క్యాసెట్ నీది. నువ్వెట్లంటే గట్ల."

పది రోజుల కోడలిని. ఆ ఇంట్లో అప్పటిదాకా ఉప్పు కావాలని కూడా గట్టిగా అడగలేదు. అందరూ నా వైపు చూస్తున్నారు. "ఉండనీ చిచ్చా" అన్నాను.

ఆయన బొటనవేలు గాల్లో ఒక్కసారి కదిలింది.

సరే, మిక్సింగ్ చేయించి తెస్తానని క్యాసెట్ అడిగితే అత్తమ్మ ఇవ్వలేదు. మళ్లీ తీసుకుపోతే ఈసారి పుస్తె కట్టింది తుడిచేస్తాడని బీరువాలో పెట్టి తాళం వేసింది. అట్లా నా పెళ్లి ఒక్కటే సన్నాయి, పాటలు అంటకుండా మిగిలింది. చిచ్చా భోజనం చేసి, సలాం చేస్తూ, గడప దాటి, మూడు మెట్లు దిగి, గేటు దాకా వెనక్కే నడిచి వెళ్లాడు. ఎక్కడా తగల్లేదు. అత్తమ్మ నాకు కనపడకుండా నవ్వుకుంది.

తర్వాత మహబూబ్‌నగర్ వైపు పెళ్లి పని పడితే ఆయన వచ్చి చూసుకుని పోయేవాడు. నకలు తీసుకొమ్మంటే నకల్లో సగం చుక్కలు రాలిపోతాయని వద్దనేవాడు. పాప పుట్టాక దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూసేవాడు. పాపకు మాటలు రాగానే రోజూ అదే కావాలనేది, పెళ్లి అంటే చీకట్లో చుక్కలే అనుకునేది. అందుకే టేపు అంతటిలో ఎక్కువ అరిగింది ఆ భాగమే. బిస్కెట్టు పడింది కూడా సరిగ్గా అక్కడో, కొంచెం ఇటో.

ఇప్పుడు అప్పగింతలు మొదలయ్యాయి. పెన్ను పక్కన పెడుతున్నాను.

*

అయిపోయింది. వరసగా రాస్తాను.

తెర మీద అమ్మ పాలపళ్లెం తెస్తుండగా వెనక తలుపు చప్పుడైంది. అత్తమ్మ లేచి వచ్చింది. నేనేం చేస్తున్నానో సాయంత్రమే చెప్పాను, విని పోయి పడుకుంది. మా స్విచ్‌బోర్డు ప్లగ్గు వదులు, తగిలితే ఊడుతుంది. ఆమె గోడవారన పీట వేసుకుని కూర్చుని, ప్లగ్గును అరచేత్తో అదిమి పట్టింది. "నువ్వు టీవీ సూడు, ఇది నేను సూస్త" అంది.

బాపు నా చేతులు ఎత్తాడు. తెర మీద అడ్డంగా తెల్లగీతలు పడ్డాయి. బొమ్మ విరిగింది, గరగరమంది, ఒక క్షణం మొత్తం పోయింది. నేను లేచి నిలబడిపోయాను. గరగర లోపలినుంచి కుక్కల మొరుగుడు వినపడింది, దూరంగా వంటవాళ్లు డేగిసాలు తోముతున్న చప్పుడు. తర్వాత, పక్కనే నిలబడ్డట్టు, ఆయన.

"ఆగు. ఆగు తల్లీ. కదలకు. జర… ఆఁ, గట్లనే."

చుక్కలు కొన్ని పోయాయి, నిజమే. గొంతు పోలేదు. కొంతసేపు ఊపిరి మాత్రమే. ఆ తర్వాత నవ్వు. ఆ తర్వాత మా డాబా పిట్టగోడ మీదినుంచి కిందికి పెద్దగా పిలుపు.

"ఓ బేగం, పైకి రా. దొరికింది."

కింద ఎక్కడో సన్నగా చాచీ గొంతు. "మోకాళ్లు లేస్తలేవు. నువ్వే మంచిగ సూసి నాకు చెప్పు."

"చెప్త, ఇను. నడుమ పొగ లెక్క ఉన్నది. పొగ గాదు, పాలు. పాలల్ల నాలుగు ముత్యాలు ఏసినట్టు. రెండు దిక్కుల రెక్కలు సాపింది. ఇంటున్నవా?"

"ఇంటున్న. నీ చేతులు వణుకుతలేవు గదా?"

"నడుస్తున్న గదా, ఎట్ల వణుకుతయి."

అట్లా పదకొండు నిమిషాలు. పైపును అరచేతుల్లో నడుపుతూ, పైకెక్కలేని మనిషికి ఆకాశాన్ని ముక్క ముక్కగా కిందికి అందించాడు. ఎక్కడ మసక, ఎక్కడ తెలుపు, ఏ చుక్క పెద్దది. మధ్యమధ్య ఇంటున్నవా అని అడిగాడు, ప్రతిసారీ ఆమె ఇంటున్న అంది. ఇదంతా కెమెరా కూడా విన్నదని చాచీకి ఇప్పటికీ తెలియదు. రేపు పొద్దున బస్సుకు పాపను చంకనేసుకుని పోతాను. వాళ్ల దుకాణంలో వీసీఆర్ ఇంకా ఉంది.

అత్తమ్మ ప్లగ్గు వదలకుండానే మెడ సాచి చూసింది. "నా చేతుల పొయ్యాల్సిన పాలు గక్కడ ఒలికినట్టున్నయి" అంది. చీకట్లో ఆమె ముఖం నాకు కనపడలేదు. గొంతులో కోపం లేదు.

చివర్న చిచ్చా హఠాత్తుగా ఆగిపోయాడు. ఏదో చప్పుడు. బహుశా కెమెరా పక్కన తడిమి ఉంటాడు.

"అరే. గిది బిడ్డ పెళ్లి క్యాసెట్."

టక్. కారు, దుమ్ము, వెనక పరుగెత్తుతున్న మా వీధి పిల్లలు.

నకలు వీసీఆర్‌లో అంకెలు ఇంకా తిరుగుతున్నాయి. కరెంటు పోలేదు. ఈ మూడు గంటలూ అది పోకూడదని నేను మొక్కుకుంటూనే ఉన్నాను. చిచ్చా ఉంటే, కరెంటు కావాలనే బాపుతో నన్నూ జమకట్టేవాడు.